కోర్టువారి కుర్చీ

జూన్ 3

పేము బద్దలు తొట్టిలో నానడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు. మా ఆయన తన ప్రెస్సులో మిగిలిపోయిన పాత డైరీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఏ సంవత్సరానిదో, తారీఖులు సరిపోతాయి గానీ వారాలన్నీ తప్పే. వారం ఏదైతేనేం, రేపటాయన డబ్బులివ్వడు.

ఆ పేరు పెట్టింది నేనే. పాత కుర్చీలూ బల్లలూ కొని, బాగుచేయించి అమ్మే షోరూము ఆయనది. ఆరేళ్ళుగా ఆయన కుర్చీలకి సీట్లు నేనే అల్లుతున్నాను. ఏం అడిగినా "రేపు చూద్దాం అమ్మా" అంటాడు. ఏప్రిల్లో ఇరవై నాలుగు కుర్చీలు అల్లి ఇచ్చాను. ఒక్కోటి మూడు వందల యాభై, మొత్తం ఎనిమిది వేల నాలుగు వందలు. రెండు నెలలుగా కాళ్ళరిగేలా తిరిగాను. ఇవాళ కొత్త పాట ఎత్తుకున్నాడు.

"డబ్బులంటారేమిటమ్మా? మీ అల్లిక జారిపోయింది. ఎనిమిది కుర్చీలు గుంటలు పడ్డాయి. కొన్నవాళ్ళు తెచ్చి నా మొహాన కొట్టారు. నా పరువేం కాను?"

నా అల్లిక జారిందట! ఒళ్ళు మండిపోయింది. ఇంత పొడుగు నోరున్నదాన్ని, అక్కడ ఒక్క మాట పెగల్లేదు. దారి పొడుగునా ఆయనతో మనసులో పోట్లాడుతూ వచ్చాను. అనాల్సినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అయ్యా, ఈ పని నాకు మా అత్తగారు నేర్పారు. ఆవిడ నాకిచ్చిన ఆస్తి ఒక దబ్బనం, ఒక సుత్తి, ఈ తొట్టి, ఒక షరతు. తడి సీటు గుమ్మం దాటకూడదు. పేముని తడిగా ఉండగానే అల్లుతాం. ఆరితే డప్పులా బిగుస్తుంది. ఆరకముందు మనిషి కూర్చున్నాడా, సాగి గుంట పడుతుంది, ఇంక బిగియదు. అందుకే అల్లిక పూర్తవగానే సీటు మధ్య సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడతాం. రోజు గడిచి, పూర్తిగా ఆరాక ఆ గుర్తు తుడిచి ఇస్తాం. ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా పద్ధతి. నేను అల్లిన సీటు మీద పిల్లలు గెంతారు, జారలేదు. నీ షోరూములోనే జారిందా?

బద్దలు నానాయి.

జూన్ 4

నా అల్లిక జారదు.

జూన్ 7

నేను అల్లిక పని చేసుకునే ఈ గది గలావిడ వచ్చింది. మెట్లెక్కేటప్పుడే ఆవిడ చెప్పుల చప్పుడు తెలిసిపోతుంది. మే, జూన్ అద్దె బాకీ, జూలైది కూడా కలిపి జూలై నెలాఖరుకి ఇచ్చేస్తానన్నాను. నెలకి పద్దెనిమిది వందలు, మూడు నెలలకి అయిదు వేల నాలుగు వందలు.

"జూలై ముప్పై ఒకటి. ముప్పై రెండు అనేది లేదు, తెలుసుగా," అంది. "కిందింటి జిరాక్సు అతను ఈ గది అడుగుతున్నాడు. అడ్వాన్సు కూడా ఇస్తానంటున్నాడు."

ఈ గదిలో మధ్యాహ్నం మూడింటిదాకా ఎండ పడుతుంది. తొట్టి గోడకి కట్టి ఉంది, ఎత్తుకెళ్ళేది కాదు. మా అత్తగారు వీపు ఆనించిన చోట గోడ రంగు పోయి ఉంటుంది, అక్కడే నేనూ ఆనుకుంటాను. ఇందులో జిరాక్సు మిషనా!

రేపటాయన సంగతి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "చిన్న బాకీల కోర్టు ఉందిగా, అందులో దావా వెయ్యి. వకీలు అక్కర్లేదు. ఫారం నింపి ఫీజు కడితే చాలు. నేను ఇద్దరు అద్దెవాళ్ళ మీద వేసి వసూలు చేశాను," అంది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "నువ్వు కట్టకపోతే నీ మీదా వేస్తాలే," అంది.

ఆవిడ మంచిదో చెడ్డదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

జూన్ 9

ఫారం నింపాం. మా ఆయన దస్తూరీ అచ్చులా ఉంటుంది కనక నేను చెప్పాను, ఆయన రాశాడు. మధ్యమధ్య ఆయన పాట ఆయనదే. "పోనీ, పెద్దగా గొడవెందుకు, సగానికి మాట్లాడుకోరాదూ?"

ఈ మనిషి ఎప్పుడూ ఇంతే. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే క్షమించమంటాడు.

'బిల్లు నకలు జతపరచవలెను' అని ఉంది ఫారంలో. నేను ఎన్నడూ బిల్లు ఇవ్వలేదు, మా అత్తగారూ ఇవ్వలేదు. బిల్లు రాయడమంటే ఎదుటిమనిషిని ముందే దొంగ అనడం. నా మాటే నా బిల్లు. పెళ్ళయిన కొత్తలోనే "బిల్లు పుస్తకం వేయిస్తాను, మన ప్రెస్సే కదా" అన్నాడు మా ఆయన. గట్టిగా కసిరితే మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

'వివరాలు' అన్న చోట గట్టిగా చెప్పి రాయించాను. "తడి సీటు నా గుమ్మం దాటదు. కాబట్టి అల్లిక జారిందన్నది అబద్ధం."

మా ఆయన పెన్ను ఆపి నా వంక చూశాడు. "అలాగే రాయనా?" అన్నాడు.

"అలాగే రాయండి."

రాశాడు. కోర్టు అంటే భయం, పాపం.

జూన్ 23

మొదటి వాయిదా. రేపటాయన రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు. సాయంత్రం ఆయన షోరూము ముందు నుంచి వచ్చాను, శుభ్రంగా ఉండి ఎవరికో సోఫా అమ్ముతున్నాడు.

కోర్టు అంటే పెద్ద గోపురం ఊహించుకున్నాను. రెండో అంతస్తులో ఒక గది, ఒక వసారా, మూత పడని బీరువా. వసారాలో మేజా వెనక గుమాస్తా. ఆయన మంచి భారీ మనిషి, తూకం వేస్తే నూటపాతికకి తగ్గడు. ఆయన కుర్చీ పాతకాలం నాటిది, టేకు చట్రం, చేతులు చూస్తే ముద్దొస్తాయి. సీటు చూస్తే ఏడుపొచ్చింది. పేము ఎప్పుడో తెగిపోయింది. చట్రం మీద అడ్డంగా చెక్క పెట్టి, దాని మీద పాత ఫైళ్ళు పేర్చుకుని కూర్చున్నాడు. గంటకోసారి నడుం పట్టుకుని లేస్తాడు.

మూడు గంటలు ఆ కుర్చీనే చూస్తూ కూర్చున్నాను. చేతులు ఒకటే దురద.

జూన్ 30

రెండో వాయిదా. నేను తడిగుడ్డలో పేము బద్దలు చుట్టుకుని, దబ్బనం, సుత్తి, కొయ్య మేకులు సంచిలో వేసుకుని వెళ్ళాను. ఎందుకైనా మంచిదని, అంతే.

"మీ కేసు ఎప్పుడు పిలుస్తారో చెప్పలేనమ్మా," అన్నాడు గుమాస్తా.

"చెప్పకండి. మీరు లేవండి," అన్నాను.

ఏమనుకున్నాడో, లేచాడు. ఫైళ్ళూ చెక్కా తీసేసి కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కున్నాను. చట్రం చిల్లుల్లో పాత పేము ముక్కలు దబ్బనంతో పొడిచి తీసేసరికి గంట. నిలువు రెండు వరసలు, అడ్డం రెండు, ఏటవాలు రెండు. పదింటికి మొదలుపెడితే నాలుగున్నరకి ఆఖరి మేకు కొట్టాను. వాయిదాలకి వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగి చూశారు. ఒక పెద్దావిడ "ఇది కోర్టా, వర్క్‌షాపా?" అంది. నాకైతే ఇరవై నాలుగు కుర్చీల బాకీ సంగతే గుర్తులేదు.

రేపటాయన ఇవాళా రాలేదు. ఇంకొక్కసారి రాకపోతే ఆయన లేకుండానే తీర్పు ఇస్తామని నోటీసు పంపుతారట. వాయిదా జూలై ఇరవై ఒకటి.

సుద్దముక్కతో సీటు మీద ఇంటూ పెట్టాను. "రేపు సాయంత్రం దాకా దీని మీద కూర్చోకూడదు. ఆరాక ఈ గుర్తు తుడిచి అప్పుడు కూర్చోండి," అన్నాను గుమాస్తాతో.

"రేపంతా నిలబడాలా?" అన్నాడు.

"నిలబడాలి."

డబ్బులెంత అని అడిగాడు. సంచి భుజానికి తగిలించుకుని వచ్చేశాను. నేను చేసిన పని చూసి నేనే రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఎంత బావుందో!

జూలై 1

పాపం, ఇవాళంతా నిలబడే ఉంటాడు.

జూలై 8

హోటలు మేనేజరు ఆరు కుర్చీలు ఇస్తానన్నాడు. ఇప్పుడు "మీ పని ఈమధ్య జారుతోందటగా" అంటున్నాడు. ఎవరు చెప్పారో అడగక్కర్లేదు.

నాకేం బాధ లేదు. పనికి కరువా? రెండు స్టూళ్ళు ఉన్నాయి.

జూలై 12

రేపటాయనకి ఆఖరి ఎనిమిది ఇచ్చిన రోజు ముసురు పట్టింది. వానలో పేము ఆరడానికి రోజు చాలదు, రెండు పడుతుంది. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

జూలై 13

ఒక స్టూలు అయింది.

జూలై 20

రేపే వాయిదా. మా ఆయన సెలవు పెట్టాడు. "నువ్వు ఒక్కదానివే వెళ్ళొద్దు" అన్నాడు. భోంచేస్తుంటే, "ఆ ఎనిమిదీ..." అని మొదలుపెట్టాడు.

"ఏ ఎనిమిది?" అన్నాను.

"ఏం లేదులే," అని కంచంలోకి చూసుకున్నాడు.

జూలై 21

వరసగా రాస్తాను.

పదకొండింటికి పిలిచారు. జడ్జిగారు ఆడమనిషి, నా వయసే ఉంటుంది. ఒక మేజా, అటూ ఇటూ మేమిద్దరం. గుమాస్తా తన కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. నా కుర్చీ! మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

రేపటాయన ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కూర్చోకముందే మొదలుపెట్టాడు. "మేడమ్, ముందు ఒక్క మాట. ఈవిడ మీ ఆఫీసు కుర్చీని ఉచితంగా బాగుచేసిందని విన్నాను. కేసు నడుస్తుండగా! ఎందుకు చేసిందో నేను చెప్పక్కర్లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒట్టు, ఆ ఊహే రాలేదు నాకు. చిరిగిన సీటు కనబడింది, అల్లాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి గుమాస్తా వంక చూశారు. ఆయన లేచి, "నిజమేనండీ, కానీ..." అని నీళ్ళు నమిలాడు.

నేను ఆగలేకపోయాను. సంచిలోంచి కత్తెర తీశాను. "లంచం అంటే ఇప్పుడే కోసేస్తానండీ. రెండు నిమిషాలు. నాకేం అక్కర్లేదు ఆ కుర్చీ."

"వద్దమ్మా!" అని గుమాస్తా కుర్చీకి అడ్డం నిలబడ్డాడు. "మేడమ్, పదేళ్ళకి నా నడుం నొప్పి తగ్గిందండీ. కొయ్యనివ్వకండి!"

జడ్జిగారు కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వారనే అనుకుంటున్నాను. తర్వాత, "కత్తెర లోపల పెట్టండి. కోర్టు ఎవరి దగ్గరా ఉచితంగా పని చేయించుకోదు. కూలి ఎంతో బిల్లు ఇవ్వండి, ఆఫీసు ఖర్చుల్లో ఇస్తారు," అన్నారు.

"బిల్లులు ఇచ్చే అలవాటు లేదండీ నాకు."

"చేసుకోండి," అన్నారు. అక్కడితో ఆ గొడవ అయిపోయింది.

తర్వాత గుమాస్తాని అడిగారు. "ఈ సీటు జారిందా?"

"మూడు వారాలైందండీ, రోజూ ఎనిమిది గంటలు. నేనెంత ఉంటానో మీరే చూస్తున్నారుగా," అన్నాడాయన.

నా గుండె పొంగిపోయింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో రేపటాయన వంక చూసి గడ్డం పైకెత్తాను కూడా.

"ఇక్కడ జారనిది మీ దగ్గర ఎందుకు జారింది?" అని ఆయన్ని అడిగారు జడ్జిగారు. ఆయన జేబులోంచి ఫొటోలు తీసి మేజా మీద పరిచాడు. గుంటలు పడ్డ సీట్లు, ఎనిమిది. నేనూ వంగి చూశాను.

ప్రతి సీటు మధ్యా తెల్లగా సుద్ద గీత. ఇంటూలో సగం ఉంది, మిగతా సగం ఎవరి ప్యాంటుకో అంటుకుపోయింది.

"ఈ గీతేమిటి?" అన్నారు జడ్జిగారు.

గుమాస్తా మెడ సాచి చూసి, ఉత్సాహం పట్టలేక, "అదండీ! ఆరలేదని గుర్తండీ అది! ఆరాక తుడిచి కూర్చోమని ఈవిడే చెప్పారు. నేను రోజంతా నిలబడ్డాను. చూశారా, ఈయన గుర్తు తుడవకుండానే మనుషుల్ని కూర్చోబెట్టేశాడు!" అన్నాడు. నా కేసు గెలిపించేశానని నా వంక చూసి నవ్వాడు.

జడ్జిగారు నవ్వలేదు. నా ఫారం తీసి చదివారు. "'తడి సీటు నా గుమ్మం దాటదు' అని రాశారు. మరి గుర్తు ఉండగానే ఇవి ఆయన షోరూముకి ఎలా వెళ్ళాయి?"

రేపటాయనకి ఇంకా బుర్రకెక్కలేదు. నేను తలుపు వైపు చూశాను. మా ఆయన తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఆ ఎనిమిదింటినీ వానలో టార్పాలిన్ కప్పి తోపుడుబండి మీద తీసుకెళ్ళింది ఆయనే. "రేపు ఇద్దామే" అని ఆయన అంటే, "తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళండి" అని కసిరింది నేనే. రేపటాయన సాయంత్రానికి కావాలన్నాడు, వెంటనే డబ్బులిస్తానన్నాడు, నాకు అద్దె కావాలి. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా ఆ మాట మా ఇద్దరి మధ్య రాలేదు. నేను రానివ్వలేదు.

ఒక్క ముక్క అంటే సరిపోయేది. 'ఈ షోరూము ఆయనే తొందరపడి పట్టుకుపోయాడండీ.' నాలుక చివరిదాకా వచ్చింది. రేపటాయన కాదన్నా నమ్మేవాళ్ళు లేరు, మా ఆయన నోరు విప్పడు. డబ్బు మొత్తం వచ్చేది. గది నిలిచేది. కానీ ఆ ఫొటోలో ఉన్న గుర్తు నేను పెట్టింది. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని నేర్పిన గుర్తు.

"దాటించానండీ," అన్నాను. "పదహారు ఆరబెట్టి ఇచ్చాను. ఎనిమిది తడివి పంపాను. ఫారంలో రాసింది తప్పు. ఈ ఎనిమిదీ జారడం నా తప్పే. పదహారింటికి ఇప్పించండి, అవి జారలేదు, జారవు."

మా ఆయన తలెత్తాడు.

జడ్జిగారు రేపటాయన వైపు తిరిగారు. "ఆ గుర్తుకి అర్థం మీకు తెలుసా?"

ఆయన ఫొటోలు పోగుచేసుకోబోయాడు. "తెలుసండీ. ఆరేళ్ళుగా తెలుసు. పార్టీ వచ్చి కూర్చున్నారు... మర్నాటిదాకా ఆగమంటే పోతారని..."

అన్నిటికీ రేపు అనే మనిషి! ఆ ఒక్క రోజే ఆయనకి రేపటిదాకా ఆగబుద్ధి కాలేదు. నాకూ కాలేదు.

తీర్పు: పదహారు సీట్లకి అయిదు వేల ఆరు వందలు, కోర్టు ఫీజు, వారంలోగా ఇవ్వాలి. ఎనిమిదింటిలో తప్పు ఇద్దరిదీ. నేను మళ్ళీ అల్లి ఇవ్వాలి, ఆయన సగం కూలి, పద్నాలుగు వందలు, కుర్చీలు తీసుకునేటప్పుడే ఇవ్వాలి.

బయటికొచ్చాక వసారాలో గుమాస్తా నా ముందుకొచ్చి చేతులు నలుపుకున్నాడు. "నా నోరు పడిపోను! మీకు నష్టం చేశానమ్మా."

"మీ నోరు బంగారం. ఆ గుర్తు చూసి రోజంతా నిలబడ్డ మొదటి మనిషి మీరే," అన్నాను.

ఇంటికి నడిచే వచ్చాం. మా ఆయన సంచి తను పట్టుకున్నాడు. నేను తలెత్తుకుని నడిచాను. ఏప్రిల్ తర్వాత ఇలా నడవడం ఇవాళే. ఓడిపోయిన ఎనిమిదింటికి కూడా గర్వంగానే ఉంది, పిచ్చిదాన్ని కాకపోతే.

జూలై 22

జూన్ 4 పేజీ తీశాను. 'నా అల్లిక జారదు' కింద రాశాను: 'ఆరనిస్తే.'

బిల్లు సంగతి ఎలాగా అని పైకే గొణుక్కుంటుంటే, మా ఆయన ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక కాగితం పొట్లం తీసుకొచ్చాడు. విప్పితే బిల్లు పుస్తకం. అంచులు పసుపురంగుకి తిరిగిపోయాయి. పైన 'పేము అల్లిక పని' అని పెద్దక్షరాలు. ఒకటి నుంచి వంద దాకా నంబర్లు. ప్రతి బిల్లు కింద చిన్నక్షరాల్లో 'సుద్ద గుర్తు ఉన్నంతవరకు కూర్చోరాదు.'

"ఎప్పుడు వేశారివి?"

"మా అమ్మ పోయిన ఏడాది."

అంటే పదకొండేళ్ళు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?"

"నువ్వు తిడతావని."

"తిట్టేదాన్నే," అన్నాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి క్షమించమన్నాడు. ఈ మనిషిని ఏం చెయ్యాలో తెలీదు.

ఒకటో నంబరు బిల్లు రాశాను. కోర్టువారికి, సీటు ఒకటి, మూడు వందల యాభై. కింద సంతకం పెట్టాను. నా సంతకం అచ్చు కాగితం మీద ఇంత బావుంటుందని తెలీదు.

జూలై 28

రేపటాయన డబ్బు కోర్టులో కట్టాడు. గుమాస్తా నా బిల్లు డబ్బులతో కలిపి ఇచ్చాడు. ఆ డబ్బులు వేరే జేబులో పెట్టుకున్నాను.

గది గలావిడకి అయిదు వేల నాలుగు వందలు లెక్కపెట్టి ఇచ్చాను. "రసీదు ఇవ్వండి," అన్నాను.

"అబ్బో!" అంది. ఇచ్చింది.

ఆగస్టు 5

ఎనిమిది కుర్చీలూ కిటికీ వారగా వరసలో ఉన్నాయి. వారమంతా అల్లుకొస్తే, ఆఖరి ఏటవాలు వరసలు నిన్న సాయంత్రం నాలుగు కుర్చీలకి, ఇవాళ పొద్దున్న మిగతా నాలుగు కుర్చీలకి పూర్తయ్యాయి. ఎనిమిదింటి మీదా సుద్ద గుర్తు. మబ్బు పట్టి ఉంది, వాన రావచ్చు.

రెండింటికి రేపటాయన తనే వచ్చాడు, కింద వ్యాను ఆపి. మొహం చూస్తే కొంచెం సిగ్గు, బోలెడు తొందర. పద్నాలుగు వందలు చేతిలో పట్టుకుని వచ్చాడు, అడక్కముందే.

"ఎంత బాగా కుదిరాయమ్మా! ఇవాళ సాయంత్రం పార్టీ వస్తున్నారు. పెద్ద బేరం. మనలో మనకి కోర్టులెందుకు, ఇటు ఇచ్చేయండి. ఇవి పోతే ఇంకో ముప్పై కుర్చీలు మీకే."

ముప్పై కుర్చీలు. ఆగస్టు అద్దెకి ఇంకా ఏమీ లేదు. మా ఆయన తొట్టి దగ్గర నిలబడి నా వంకే చూస్తున్నాడు.

నేను లేచి ఒక సీటు కింద వేలు ఆనించి చూశాను. చల్లగా తగిలింది. బిల్లు పుస్తకం తీసి, రెండో నంబరు మీద ఎనిమిది సీట్లు, పద్నాలుగు వందలు అని రాశాను. తారీఖు దగ్గర ఆగి, ఎల్లుండిది వేశాను. డబ్బు ముట్టుకోలేదు.

"ఇప్పుడే ఇస్తానమ్మా డబ్బు, చూడండి, ఇదిగో..."

"రేపు చూద్దాం అయ్యా," అన్నాను. "వాన పడితే ఎల్లుండి."